ఒక్క పట్టు దాచుకున్న తాన్ వంశం

లాంతర్ల పండగకి చైనాలోని లియూయాంగ్‌లో బాణసంచా ఎవరు కాల్చాలో ఆ పూట తేలిపోవాలి. తేల్చేది ‘లో’ ఇంటిపేరున్న ఊరిపెద్ద, లో పెద్దయ్య. ఆయన వెన్ అక్క టీ కొట్లో కూర్చుని, అల్లం, ఉప్పు, వేయించిన సోయా గింజలు వేసిన టీ తాగేసి, గిన్నె అడుగున మిగిలిన గింజల్ని వేలితో తోడుకుంటున్నాడు. ఎదురుగా తాన్ తాత, ఆ రోజుల్లో మగవాళ్ళందరికీ ఉండే పొడుగు జడ మెడకు చుట్టుకుని, కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు.

తాతల నాటి నుంచీ ఆ పండగ తాన్ వాళ్ళదే. పోయినేడు ఓయాంగ్ అనే నిన్నమొన్నటి కుర్రకుంక వచ్చి ఆకాశంలో పచ్చ మంట పూయించాడు. ఊరంతా నోరు తెరుచుకుని చూసింది. తాన్ తాత కూడా చూశాడు. ఆ రోజు నుంచి ఆయనకి పచ్చరంగంటేనే గిట్టదు. ఇంట్లో ఆకుకూర వండనివ్వడు. ఆ ఓయాంగే ఇప్పుడు మూల బల్ల దగ్గర వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ కూర్చున్నాడు. వాడికి వినబడేలాగే తాత గొంతు పెంచాడు.

“పచ్చ మంటట, పచ్చ మంట! హాంకౌ రేవుకి వెళ్ళి తెల్లవాళ్ళ పొడి కొనుక్కొచ్చి గొట్టంలో కూరడం కూడా పనితనమేనా? నేను జడివానలో తారాజువ్వ ఎగరేసినవాణ్ణి. అది సర్రున పోయి మబ్బులో దూరింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మబ్బుకి చిల్లుపడి నీళ్ళన్నీ పక్క జిల్లాలో కారిపోయాయి. వాళ్ళకి ఇప్పటికీ నా మీద గుర్రే!”

“ఆ వాన నాకూ గుర్తే,” అంది వెన్ అక్క, గిన్నెలో వేడినీళ్ళు పోస్తూ. “తెల్లారేదాకా కురిసింది.”

“అది వేరే వానమ్మా! అయినా మా నాన్న ముందు నేనెంత? ఆయన జువ్వకి కుర్చీ కట్టుకుని తూర్పు సముద్రం దాటి, అన్నం వేళకి ఇంటికొచ్చేశాడు. దారి తప్పడానికి లేదు, చేతిలో మా ముత్తాత చేసిన దిక్సూచి. ఆ సూది ఎంత నిఖార్సైనదంటే, ఉత్తర దిక్కే వచ్చి దాన్ని అడిగేది, అయ్యా, నేనెక్కడ ఉండమంటారు అని!”

“కాగితం కూడా మీవాళ్ళేనా?” అన్నాడు లో పెద్దయ్య, గింజ నములుతూ.

“మరి? మా ముత్తాత తల్లి జావ కాస్తుంటే పొంగి నేలమీద పడి ఎండింది. ఆవిడ చుట్టచుట్టి అటకెక్కించింది, అదే కాగితం. అచ్చు సంగతి అడగరేం? ఆవిడ మొగుడు తప్పతాగి, అక్షరాలు చెక్కిన చెక్క మీద పడుకున్నాడు. లేచేసరికి వీపు మీద పుస్తకం! పండితులు రాజధాని నుంచి వచ్చి, ఆయన వీపు చదువుకునే పరీక్షలు నెగ్గారు. ఇక మా తాత! ఆయన జువ్వ తగిలి చంద్రుడికి పెచ్చు ఊడింది. తనే ఎక్కి, కాగితం జిగురుతో అంటించి దిగొచ్చాడు. పున్నమికి చూడండి, అతుకు కనిపిస్తుంది.”

కొట్టంతా ఘొల్లుమంది. ఓయాంగ్ మాత్రం చిన్నగా నవ్వి ఇంకో కాయ ఒలిచాడు. ఆ నవ్వు చూసి తాతకి ఒళ్ళు మండింది.

“ఇన్నీ మీ ఇంట్లోనే పుడితే,” అన్నాడు లో పెద్దయ్య, “తెల్లవాళ్ళు మన మందే ఫిరంగుల్లో కూరి, మన సూదే చూసుకుంటూ, పొగ ఓడల మీద మన నదుల్లోకి ఎలా వచ్చారయ్యా? మనమే వాళ్ళ మీదికి పోవాల్సింది కదా?”

తాత కాలు మీది కాలు దించి ముందుకి వంగాడు.

“చక్రవర్తి మా తాత కాళ్ళు పట్టుకున్నాడు, లోకమంతా గెలిచిపెట్టమని! మా తాత కుదరదన్నాడు. గెలవాలంటే మందు కలపడం సైన్యానికి నేర్పాలి. నేర్పుతామా? గురువన్నవాడు అన్నీ చెప్పి ఒక్క పట్టు, అసలు కిటుకు, దాచుకోవాలి, లేకపోతే శిష్యుడు నెత్తికెక్కుతాడు. కొడుకైనా సరే! తాత మా నాన్న దగ్గర ఒకటి దాచాడు. నాన్న నా దగ్గర ఒకటి దాచాడు. నేను మావాడి దగ్గర దాచాను. అదీ మా ఇంటి కాపలా!”

లో పెద్దయ్య గిన్నె కింద పెట్టాడు.

“అయితే మీ తాత జువ్వ చంద్రుడికి తగిలింది. ఆయన ఒకటి దాచాడు, మీ నాన్న జువ్వ సముద్రం దాకే పోయింది. మీ నాన్న ఒకటి దాచాడు, నీ జువ్వ మబ్బు దగ్గరే ఆగింది. నువ్వొకటి దాచావు, పోయినేడు మీవాడి జువ్వ వెన్ అక్క పందుల దొడ్లో పడింది. ఇంకో తరం పోతే గొట్టంలోంచి బయటికైనా వస్తుందా, తాన్?”

ఈసారి నవ్వులకి గిన్నెలు కదిలాయి. తాత నవ్వలేదు. తన నాన్న పోయేముందు, దాచిన ఆ ఒక్కటి చెబుతాడేమోనని నోటి దగ్గర చెవి పెట్టి ఎంతసేపు కూర్చున్నాడో తాతకే తెలుసు. ముసలాయన పెదాలు బిగించుకునే పోయాడు. ఆ కోపం పచ్చ మంట కంటే పాతది.

“పండగ ఓయాంగ్‌ది,” అన్నాడు లో పెద్దయ్య.

“వాడేం దాచాడో అడగండి ముందు!” అని తాత గుడ్లురిమాడు.

“దాచడానికేముంది బాబాయ్?” అన్నాడు ఓయాంగ్. “హాంకౌలో ఆ కొట్టువాడు కొన్నవాడికల్లా ఎదురుగా కలిపి చూపిస్తాడు. రా, నీకు నేను చూపిస్తా.”

“నువ్వు! నాకు!” తాత విసురుగా లేచి గడప దాటాడు. కొట్లో నవ్వులు ఇంకా ఆగలేదు. కాసేపటికి ఆయన తల మళ్ళీ గుమ్మంలో కనబడింది.

“కొన్నవాడికల్లానా? ఒక్కటైనా దాచడా?”

“ఏమో బాబాయ్, నాకైతే పచ్చ వచ్చింది.”

తాత వీధి వైపు చూశాడు, గుమ్మం చెక్క మీది పెచ్చు గోటితో గీకాడు.

“ఏ వీధిలో ఉందీ ఆ కొట్టు?”