పళ్లెంలో వాగ్దానం

ముత్తుకూరు దగ్గర ఒక పల్లె. డిసెంబరు మొదటి వారం, మధ్యాహ్నం. కుట్టుమిషన్ ముందు ఎలిశబెతు. గుమ్మంలో సంఘపెద్ద జ్ఞానప్రకాశం.

"మిషన్ కొంచెం ఆపు ఎలిశబెతూ. నీ చెవిలో పడాలంటే అరవాల్సొస్తుండాది."

"అరువన్నా. చర్చిలో మైకు పెట్టి అరుస్తారు గదా, ఈడ మైకు లేకుండా అరువు. నాకు పనుండాది. పధ్నాలుగు జాకెట్లు కుట్టాల. అన్నీ మీ వాళ్ళవే. క్రిస్మసు పాటలు పాడేవాళ్ళకి తెల్ల జాకెట్లు."

"మీ వాళ్ళేంది, మీ వాళ్ళు! మన వాళ్ళను."

"నేను మీలో యాడుండానులే. కొలతలిస్తే కుడతా. అంతవరకే."

"అబ్రహాము పోయి పది నెలలు. పది నెలల్నించి చర్చి మెట్టెక్కలా నువ్వు. రొట్టె తీసుకోను ప్రభువు బల్లకి రాలా. ఇంట్లో ప్రార్థనయినా చేసుకుంటుండావా?"

"ఎవురితో?"

"అదేం ప్రశ్నమ్మా?"

"ఎవురితో చేసుకునేదంటున్నా. మాటిచ్చి తప్పినోడితోనా?"

"అట్ట అనబాక."

"అంటా. నా ఇంట్లో కూర్చోని నన్ను అనబాకంటావేంది? మాట తప్పిన మనిషి గడపే తొక్కను నేను. మా అన్న తప్పితే మా అన్నింటికే పోవడం మానేసినా. ఇంక దేవుడై ఉండి తప్పితే?"

"బైబిలు యాడుండాది? గోడ మీద అరలో ఉండేది గదా."

"ఆ మూటలో చూడు. కత్తిరించిన గుడ్డముక్కల కింద."

"గుడ్డముక్కల కిందా!"

"అయ్యో, కింద పడెయ్యలేదులే. మెత్తగానే ఉంటాది."

"కాసిని మంచినీళ్ళియ్యమ్మా."

"కుండ పక్కనే ఉండాది, ముంచుకో. ఏందన్నా, అంత దప్పి? రెండో గ్లాసు ముంచుతుండావు."

"ఏం లేదు. ఎండన పడొచ్చినా."

"డిసెంబర్లో ఎండ!"

"ఆ కార్డు సంగతి నీతో మాట్లాడాలనే..."

"ఎత్తబాక. ఆ సంగతెత్తబాక."

"ఎత్తక తప్పదు."

"ఎత్తుతావా? ఎత్తు. నువ్వెందుకు, నేనే ఎత్తుతా. ఏటేటా పాత ఏడాది ఆఖరి రాత్రి ఆరాధనలో పళ్లెం నిండా కార్డులు బోర్లించి తెస్తారు. ఒక్కోదాని మీద ఒక్కో వాక్యం. ఏది చేతికొస్తే అది కొత్త ఏడాదికి దేవుడు మనకిచ్చిన వాగ్దానం అంటారు. మా ఆయన చేతికేమొచ్చింది? చెప్పన్నా. పళ్లెం పట్టుకోనుండింది నువ్వే గదా."

"నూట పద్దెనిమిదో కీర్తన."

"నంబరు కాదు నేనడిగింది. మాట."

"చావను, బతికే ఉంటానని."

"ఆ. చావను, బతికే ఉంటానని. గుండె వాల్వు పాడైపోయిన మనిషి చేతిలో ఆ కార్డు. చర్చి అంతా దేవునికి స్తోత్రమన్నారు. నేను నేల మీద సాగిలపడి ఏడ్చినా, సంతోషంతో. ఎన్నాళ్ళు బతికినాడు? నలభై రెండు దినాలు. దుప్పట్లో పెట్టి ఆటో ఎక్కిస్తే దోవలోనే పోయినాడు. ఇప్పుడు చెప్పు, ఎవురికి మొక్కమంటావు నన్ను?"

"పాస్టరయ్య ఈ ఏడు కూడా పళ్లెం నన్నే పట్టుకోమన్నాడు."

"పట్టుకో. అలవాటైన చెయ్యే గదా."

"పట్టుకోలేను."

"అంత బరువా స్టీలు పళ్లెం?"

"ఎగతాళి చెయ్యబాక తల్లీ. పది నెలలుగా మింగలేక కక్కలేక చస్తుండా. ఆ కార్డు దేవుడియ్యలా ఎలిశబెతూ. నేనిచ్చినా."

"ఏందీ?"

"మిషన్ ఆపి విను."

"ఆగే ఉండాది. ఎప్పుడో ఆగింది. చెప్పు. నువ్విచ్చినావంటే?"

"ఆ సాయంత్రం కార్డులు పళ్లెంలో సర్దింది నేనే. సర్దుతుంటే ఆ వాక్యం కంటబడింది. తీసి జేబులో పెట్టుకున్నా. మీ ఇంటి వరస వచ్చేసరికి అంచున, బొటనవేలి కింద పెట్టుకున్నా. అబ్రహాము చెయ్యి నడిమిదాని మీదకి పోతుండింది. నేను పళ్లెం తిప్పినా. వేలు ఎత్తినా. తీసుకున్నాడు."

"పళ్లెం తిప్పినావు."

"తిప్పినా."

"పేకాటలో ముక్క దాచినట్టు దాచి, మా ఆయనకి వేసినావు."

"అట్టనే అనుకో."

"అనుకునేదేంది, అదే గదా! తూ! సంఘపెద్దవి నువ్వు! తెల్ల చొక్కా ఏసుకోని దేవుడికి బదులు నువ్వే మాటిచ్చేస్తివే! నిన్నెవురడిగినారయ్యా?"

"ఎవురూ అడగలా."

"మరెందుకు చేసినావు? మా మీద నీకేం పగ?"

"పగా! ఆయన నా తమ్ముడి కింద లెక్క గదమ్మా. నెల్లూరులో డాక్టర్లు ఆపరేషన్ అన్నాక మనిషి బెదిరిపోయినాడు. నీ ముందర గుంభనంగా ఉండేవాడేమో గానీ, రొయ్యల గుంట కట్ట మీద నా పక్కన కూర్చోని చిన్నబిడ్డ మాదిరి ఏడ్చినాడు. మేత చల్లే బక్కెట్టు అట్టనే పడేసి ఏడ్చినాడు. 'పెద్దన్నా, ఆ ఆపరేషన్ బల్ల మీద పడుకుంటే మళ్ళీ లెయ్యను' అన్నాడు. తప్పించుకోని యాడికన్నా పోతాడేమో అని భయపడినా. ఆ వాక్యం చేతిలో పడితే గుండె దిటవు చేసుకోని ఆపరేషన్‌కి పోతాడనుకున్నా. పోవడానికే ఇచ్చినా తల్లీ. ఆగిపోవడానికి కాదు."

"పోవడానికి ఇచ్చినావా?"

"ప్రభువు సాక్షిగా. నువ్వొచ్చి 'ఆయన రానంటుండాడన్నా, దేవుడు మాటిచ్చినాక కత్తితో పనేంది అంటుండాడు' అన్నావు చూడు, అప్పుడు తెలిసొచ్చింది నేనేం చేసినానో."

"అప్పుడే ఎందుకు చెప్పలా?"

"చెప్పాలనే లేచినా. ఆదివారం పాస్టరయ్య అబ్రహామును నిలబెట్టి, విశ్వాసమంటే ఇదీ అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టినారు. ఆ చప్పట్లలో లేచి, అది నా బొటనవేలి పని అని ఎట్ట చెప్పేది? కూర్చుండిపోయినా."

"పరువు."

"పరువే. ఒప్పుకుంటుండా."

"నీ పరువుకి నా మొగుడు బలి."

"తిట్టమ్మా. ఇంకా తిట్టు."

"తిడితే నీకు చల్లగా ఉంటుంది. తిట్టను పో."

"సరే. విను. నేను ఒక నిర్ణయం చేసుకోనొచ్చినా. ఈ ఆదివారం ప్రభువు బల్ల ముందర నిలబడి, సంఘమంతటికీ చెప్తా. అబ్రహామును చంపింది నేనే అని."

"అదేం మాటన్నా?"

"ఉన్నమాట. ఆయన మూర్ఖత్వంతో పోయినాడని ఊరంతా అంటుండారు. బతికించుకోకుండా భక్తి చూపించినాడంట. ఆ నింద తీసెయ్యాల. నా మీద వేసుకోవాల. పెద్దరికం కూడా వదిలేస్తా. పాస్టరయ్యకి కాగితం రాసినా, జేబులో ఉండాది."

"వద్దు."

"ఎందుకొద్దు?"

"వద్దంటే వద్దు. పోయినోడు ఎట్టాగూ పోయినాడు. అరవయ్యేళ్ళ మనిషివి, నలుగురూ నీ మొహాన ఉమ్ముతారు."

"ఉమ్మనీ. రేపు పొద్దున కోవూరు పోయి షారన్‌కి కూడా చెప్పొస్తా. నీ కూతురు ఇంకా తండ్రి మీద కోపంగానే ఉండాదంట గదా, సమాధి కాడికి కూడా రాలేదంట గదా. 'మీ నాయన మొండోడు కాదమ్మా, నేను మోసం చేసినా' అని చెప్తా ఆ బిడ్డకి."

"షారన్ దగ్గిరికి పోబాక!"

"ఎందుకమ్మా?"

"పోబాకంటిని గదా! దాని జోలికి పోబాక. సంఘానికి చెప్పుకుంటే చెప్పుకో, నీ ఇష్టం. షారన్‌కి చెప్పబాక."

"తండ్రి మీద కోపం పోతే నీకు మంచిదే గదా?"

"గమ్మునుండన్నా. కాసేపు గమ్మునుండు. నన్ను ఆలోచించుకోనీ."

"ఉంటా."

"ఈ దారం సూదిలోకి ఎక్కి చావదేందో."

"ఏడుస్తుండావా?"

"నీకెందుకు? ఆ మూటలోంచి బైబిలు తియ్యి."

"తీసినా. దారప్పోగులు అంటుకున్నాయి. దులుపుతా ఉండు."

"ఆ కీర్తన చదువు. కార్డు మీద ముక్క కాదు. మొత్తం."

"మొత్తమా? ఇరవై తొమ్మిది వచనాలు."

"నీకేం తొందర? చదువు. ఆగు, ముందు ఇది చెప్పు. కార్డు మీది వాక్యం అయిపోయినాక, దాని కిందదేముండాది?"

"దేవుడు నన్ను కఠినంగా శిక్షించినాడు అని ఉండాది."

"చూసినావా. అది కార్డు మీద వెయ్యరు."

"తర్వాత, చావుకి మాత్రం అప్పగించలా అని ఉండాదమ్మా."

"ఆయన్ని అప్పగించినాడు గదా."

"అది ఆయన గురించి కాదేమో. చదివేవాళ్ళ గురించేమో."

"అంటే నా గురించా?"

"నాకు తెలీదు తల్లీ. నేను పెద్ద చదువులు చదివినోణ్ణి కాదు."

"ఇన్నాళ్ళూ వాక్యాలకి అర్థాలు బాగానే చెప్పినావే. ఇప్పుడు తెలీదంటావేం?"

"ఇప్పుడు నిజంగానే తెలీదు గనక."

"అదొక్కటీ మంచి మాటన్నావు. మూసెయ్యి. ఇంక చాలు."

"ప్రార్థన చేసి పోతానమ్మా. నన్ను క్షమించమని అడగను. ఊరికే రెండు మాటలు."

"నువ్వు చెయ్యబాక. నేను చేస్తా."

"నువ్వా?"

"ఏం, రాదనుకున్నావా? పది నెలలకే మర్చిపోతానా? మోకాళ్ళెయ్యి. ఆ గుడ్డముక్కల మీద వెయ్యి, లేకపోతే నీ మోకాళ్ళు పట్టేస్తాయి. ఉండు, ముసుగేసుకోనీ. కళ్ళు మూసుకున్నావా?"

"మూసుకున్నా."

"తెరవబాక. నేను అయిపోయిందనేదాకా తెరవబాక. నన్ను చూడబాక."

"చూడను. చెయ్యి తల్లీ."

"ప్రభువా. నేను ఎలిశబెతుని. పది నెలలు నిన్ను తిట్టుకుంటా బతికినా. నీ పుస్తకాన్ని చింపుల్లో కుక్కినా. మాటిచ్చి తప్పినావన్నా. ఇప్పుడు చూస్తే నువ్వు అసలు మాటే ఇయ్యలేదంట. ఈ మనిషి ఇచ్చినాడంట. సరే, ఇంక నీ మీద వెయ్యడానికి లేకుండా పోయింది. పోనీ ఈయన మీద వేద్దామంటే వేసుకోవచ్చు, నాకు బెల్లం దొరికినట్టే. తల వంచి కూర్చోనుండాడు, అంతా తనే నెత్తికెత్తుకుంటానంటుండాడు. నేను గమ్మునుంటే చాలు. గమ్మునుందామనే చూసినా ప్రభువా. నీకు తెలుసు. కానీ ఈయన షారన్ దగ్గిరికి పోతానంటుండాడే, ఎట్టా గమ్మునుండేది? ప్రభువా... ఈయన అనుకున్నట్టే అయింది. ఆ కార్డు చూసుకోని మా ఆయనకి ధైర్యమొచ్చింది. ఆపరేషన్‌కి ముందు రోజు పొద్దున్నే లేచి తనే సంచి సర్దుకున్నాడు. లుంగీ, దుప్పటి, డాక్టరు రాసిచ్చిన కాగితాలు. 'పదవే, భయం పోయింది, బస్సొస్తుంది' అన్నాడు. నవ్వుకుంటా అన్నాడు. గడపకి అడ్డం నిలబడింది నేను. దేవుడు బతికిస్తానంటే డాక్టరు కాడికి పరిగెత్తుతావా, ఇదేనా నీ విశ్వాసం, సంఘంలో నేను తలెట్ట ఎత్తుకునేది అన్నా. ఆయన సిగ్గుపడినాడు ప్రభువా. సంచి నా చేతికిచ్చి, సరేలే, నువ్వెట్ట చెప్తే అట్ట అని మంచమెక్కినాడు. ఆయనే రానన్నాడని ఈయనకి చెప్పింది నేను. కన్నకూతురికీ అట్టనే చెప్పినా. చచ్చినోడు లేచొచ్చి కాదనడు గదా అని చెప్పినా. ఇప్పుడు ఈయన పోతే ఆ బిడ్డకి ఇంకో అబద్ధం చెప్పినట్టవుతాది. అంతే ప్రభువా. నాకింకేం లేదు చెప్పడానికి. అయిపోయిందన్నా... ఆమేన్ అను. ఇంక కళ్ళు తెరిచి నన్ను చూడు."