డెల్మర్‌కి పది నిమిషాలు

హలో… ఆఁ, ఆర్డిస్‌నే మాట్లాడుతున్నా. ఎవరూ?…

టోబినా. ఏం నాయనా, ఫిజిక్స్ సభలు అయిపోయాయా?…

ఆగాగు. చివరి రోజు, భోజనాల తర్వాత, హోటల్ వంటింటి పక్క గది. నిన్ను కూర్చోబెట్టారా అధ్యక్షుడిగా?…

నవ్వక ఏం చెయ్యమంటావు. కొత్తగా చేరిన ప్రతి ప్రొఫెసరుకీ ఆ గది అంటగడతారు…

సొసైటీ నియమం అది. చందా కట్టిన సభ్యుడు ఎవరైనా పది నిమిషాలు మాట్లాడొచ్చు, కాదనడానికి లేదు. అందుకని కాలం వెనక్కి నడుస్తుందనేవాణ్నీ, చంద్రుడి లోపల బోలు అనేవాణ్నీ తెచ్చి ఒకే గదిలో పోస్తారు…

పన్నెండు మందా. ఒకరిదొకరు వింటున్నారా?… ఎందుకు వింటారు. ఒకడిది నిజమైతే మిగతా పదకొండూ అబద్ధమే కదా.

ఊఁ… ఇప్పుడు కాఫీ విరామం. ఇంకొక్కరే మిగిలారు, ఆయన్ని ఎగ్గొట్టి విమానం ఎక్కేస్తావు. నొప్పించకుండా ఎలా చెప్పాలో నన్నడుగుతున్నావు. అంతేగా?…

ఎవరా ఒక్కరు?…

డెల్మరా. లిఫ్టులు బాగుచేసే డెల్మర్.

తెలియకేం. మన డిపార్ట్‌మెంటులో ఆఫీసు ముందు బల్ల దగ్గర ముప్పై ఎనిమిదేళ్లు కూర్చున్నాను. ఇలాంటి ఉత్తరాలన్నీ నా చేతుల మీదుగానే పోయేవి. పందొమ్మిదేళ్లుగా రాస్తున్నాడాయన. భూమి మనల్ని లాగడం లేదు, ఆకాశమే పైనుంచి నొక్కుతోంది అని. బతుకంతా లిఫ్టు గుంటలో నిలబడి పైకి చూసినవాడికి అలాగే అనిపిస్తుంది మరి…

పిచ్చేనయ్యా. కాదన్నానా…

ఏది పనికొచ్చే ఉత్తరమో ఎలా పోల్చేదాన్నా? నాకు లెక్కలు రావు, తొమ్మిదిలోనే మానేశా. చివరి పేజీ ఒక్కటి చూసేదాన్ని. ఏం జరిగితే తనది తప్పని ఒప్పుకుంటాడో రాశాడా లేదా అని. రాయనివన్నీ అట్టపెట్టెలోకి… మన పెద్ద ప్రొఫెసరు గుండర్సన్ గారి కాగితాలు కూడా అందులోకే పోవాలి, నన్నడిగితే. ఇరవై రెండేళ్లు అదేదో కణం ఇదిగో కనబడుతుంది అన్నాడు. కనబడకపోతే, ఇంకా బరువైనదన్నాడు. ఆయనకేమో పెద్ద హాలు, పూలగుత్తి…

నవ్వావు, సంతోషం. డెల్మర్ మాత్రం రాశాడు. నొక్కుడే నిజమైతే, నెత్తి మీద ఎంత మందాన రాయి అడ్డుంటే కింద బరువు అంత తగ్గాలి. పాత ఇనుప గనిలోకి దిగి తూస్తాను, తగ్గకపోతే నాది తప్పు, అని… తూచాడో లేదో నాకు తెలీదు. ఈసారి ఏం చెబుతానని రాశాడు?…

చదవలేదా. చేతిలోనే ఉందిగా, ఎవరేం చెబుతారో అచ్చేసిన పుస్తకం. చదువు. నెమ్మదిగా…

…

మళ్లీ చదువు, ఆ చివరిది…

'రెండు చలికాలాలు తూచాను. తగ్గలేదు. నా సిద్ధాంతం తప్పు.'

…

పందొమ్మిదేళ్లు, టోబిన్.

ఆ ముక్క చెప్పడానికి వాళ్ల ఊరి నుంచి తొమ్మిది గంటలు మంచులో బండి నడుపుకుంటూ వచ్చాడు. ఈ నాలుగు రోజుల్లో ఆ పెద్ద హాల్లో ఎవరైనా లేచి అలా అన్నారా?…

ఊఁ…

చప్పట్లు కొట్టిస్తావా? వద్దు. చప్పట్లు చిన్నపిల్లలకి కొడతారు. ప్రశ్న అడుగు. నీ తోటి ప్రొఫెసరైతే ఏం అడుగుతావో అది… తట్టడం లేదా. ఏ కాటాతో తూచావని అడుగు…

వేళాకోళం కాదు. మా నాన్న సరస్సు ఒడ్డున చేపలమ్మేవాడు. స్ప్రింగు కాటా ఒకటి, రెండు పళ్లేల తక్కెడ ఒకటి ఉండేవి. తక్కెడ పట్టుకుని గనిలోకి దిగావనుకో. ఇటు చేపా తగ్గుతుంది, అటు తూకం రాయీ తగ్గుతుంది. ముల్లు కదలదు. స్ప్రింగు కాటాకి అవతల రాయి ఉండదు, తగ్గితే చూపించేస్తుంది…

ఏమన్నావూ?…

అవును. తక్కెడతో తూస్తే అసలేమీ తూచనట్టే. తప్పని కూడా తేలనట్టే…

నాకూ తెలుసులే, నొక్కడమూ లేదు గిక్కడమూ లేదు. కానీ పందొమ్మిదేళ్లు మోసినదాన్ని సరిగ్గా తేల్చుకుని దించుకోవాలి కదా మనిషి…

స్ప్రింగు కాటా అంటాడా, వెళ్లి చెయ్యి కలుపు. తక్కెడ అంటాడా, గనికి ఎప్పుడు వెళ్దామని అడుగు. వెళ్దామనే. నీ ల్యాబులో మంచి కాటా ఊరికే పడుంది…

విమానం ఎన్నింటికన్నావూ?…

సరే, అడగను.

విరామం అయిపోయిన గంట నాకూ వినబడింది. వెళ్లు నాయనా… ఆఁ, ఒక్క మాట. అధ్యక్షుడి కుర్చీలోంచి అడక్కు. దిగి, ముందు వరసలో కూర్చుని, అందరిలాగా చెయ్యెత్తి—