ఎల్లుండి వానంట

మా చెల్లెలు వరమ్మకు అన్యాయం జరిగింది పోయిన మే నెలలో మేడం. మీరు విచారణకు వచ్చింది ఈ నవంబరులో. కూర్చోండి, కుర్చీ తుడిచినా. ఫీల్డ్ అసిస్టెంట్ ఆదినారాయణను మాత్రం లోపలికి పిలవొద్దు. ఆయప్పకు మీ జీపు నీడ చాలు. మా చెల్లెలికి ఆ మాత్రం నీడ కూడా దొరకలేదు.

ఏమని రాసిచ్చినాడు? పొద్దున తొమ్మిదికే ఒంట్లో బాగలేదని ఇంటికి పోయిందనా? ఇంట్లోనే గుండె ఆగిందనా? ఓహో, వడగాలుల హెచ్చరిక తనకు అందనే లేదని కూడానా?

నాకు అందింది మేడం. నేను బడికి పోయింది మూడేండ్లే. కానీ అచ్చులో ఉండేది ఏదీ వదిలిపెట్టను, బోండాలు కట్టిచ్చిన కాగితం కూడా. ముందురోజు సాయంత్రం అందరి ఫోన్లకూ మెసేజి వచ్చింది. రేపు కొండాపురం మండలంలో తీవ్ర వడగాలులు, పదకొండు దాటితే బయట తిరగొద్దు. ఎల్లుండి ఈదురుగాలులు, పిడుగులు, భారీ వాన. ఒకటే మెసేజి. పైన ఎండ, కింద వాన.

తెల్లారి ఉపాధి పనికాడ ఆదినారాయణ ఏమన్నాడో తెలుసా?

"రేపు వాన పడ్తాది. కందకాలు ఈ దినమే ముగియాల. దినామూ మాదిరి పదిన్నరకు దిగేది లేదు, ఒంటిగంట దాకా తవ్వండి."

ఇరవై రెండు మంది విన్నారు. జైబున్నీసాను అడగండి, ఆమె నా పక్కనే పార పట్టుకోనుంది. వాన సంగతి ఆయప్పకు యాడ తెలిసింది? వాళ్ళ నాయన కలలోకొచ్చి చెప్పినాడా? కింది వరుస చదివినోనికి పై వరుస కనపడలేదంటే మీరు నమ్ముతారా?

నేను మొహం మీదే అన్నా, పై ముక్క గూడా చదువప్పా అని. నవ్వినాడు. వార్తలు చదివేదానివి ఈడ మట్టి ఎత్తుకుంటాండావు ఏంది మార్తమ్మా అన్నాడు. అందరూ నవ్వినారు. వరమ్మ గూడా నవ్వింది. అది శానా నవ్వేది.

రిజర్వాయరులో మునిగిన మా పాత ఊర్లో గట్టుకొక చింతచెట్టు ఉండేది. ఈ కాలనీ మిట్టన కంపచెట్లు తప్ప ఏమున్నాయి?

పన్నెండుకు వరమ్మకు మాట తడబడింది. నీళ్ళు పోస్తే మింగలేదు. చెమట ఆగిపోయి ఒళ్ళు పెనం మాదిరి కాల్తాంది. మా కాలనీ బాబ్జీకి ఫోన్ చేస్తే ఆటో తెచ్చినాడు. ఎక్కిస్తాంటే ఆదినారాయణ అడ్డమొచ్చినాడు. ఎట్లాగూ పని ఆపినారు గదా, రెండో ఫోటో పడనీయండి అన్నాడు. పొద్దున ఒకటి, పని ముగిసినాక ఒకటి, రెండూ పడితేనే హాజరు. అది మీకు తెలిసిందే. ఒక తల తగ్గినా గుంపు మొత్తానికీ పోతాదని బెదిరించినాడు. సిగ్నల్ లేదు. ఫోన్ ఎత్తి పట్టుకోని మిట్టెక్కినాడు, దిగినాడు, మళ్ళా ఎక్కినాడు.

ఇరవై నిమిషాలు మేడం.

ఆ ఫోటో మీకాడ ఉంటాది, తీయండి. ఎవరు చూస్తారులే అనుకోని ఇంటికి పోయిందని రాసినాడు. ముందు వరుసలో కూర్చున్నది వరమ్మే. తొమ్మిదికి ఇంటికి పోయిన మనిషి ఆడ ఎట్లుంది? ఈ ఒక్క మాట అడిగేదానికి ఆరు నెలలు జమ్మలమడుగు ఆఫీసుకు తిరిగినా. ఆయప్ప పెద్దమనుషుల్ని పంపినాడు. మొన్న తానే వచ్చి, ఉద్యోగం పోతే నా బిడ్డలు రోడ్డున పడ్తారక్కా అని ఏడ్చినాడు. పడనీ అన్నా. ఇప్పుడూ అదే అంటాండా.

ఫోటో పెద్దది చేసి చూడండి. తల నిటారుగా ఉంది గదా? వెనకనుంచి ఒక చెయ్యి, జుట్టు కింద మెడ పట్టుకోనుంది. నీలం గీతల మగచొక్కా చెయ్యి. ఎండకని చీర మీద వేసుకుంటాం. అది నా చెయ్యి.

పట్టుకోమన్నది ఆదినారాయణే. పట్టుకున్నది నేను. ఒక దినం హాజరు పోతాదని పట్టుకున్నా. అప్పటికి ఊపిరుందో లేదో తెలీదని ఇన్నాళ్ళూ అందరికీ చెప్తాండా.

తెలుసు. చేతికి తెలుస్తాది మేడం.

నన్ను సాక్షిగా రాయొద్దు. ఆయప్ప పేరు పక్కనే రాయండి. నేను ఒప్పుకున్నాక తాను ఎట్లా తప్పించుకుంటాడో చూస్తా. ఇంట్లో పోయిందన్న మాట కొట్టేసి, ఇట్లా రాసుకోండి. కందకాల పనికాడ, ఎండదెబ్బకు, అక్క మార్తమ్మ చేతిలో. టైము ఆ ఫోటో మీద ఉండేదే వేయండి. 2025 మే 20, మధ్యాహ్నం పన్నెండు గంటల నలభై ఒక్క నిమిషం.