కూల్చే ముందు కూలీలను పిలిచే జయతీర్థ గారు

శ్రీ జయతీర్థ గారు మన ఆదోని ఇంజనీరింగు కార్యాలయంలో వర్క్ ఇన్‌స్పెక్టరుగా అడుగుపెట్టిన దినం 1988 ఆగస్టు పదహారవ తేదీ. ఆ రోజుల్లో పాత కట్టడాన్ని పడగొట్టాలంటే గోడ ఎటు కూలుతుందో చూసుకుంటే చాలనుకునేవారు. గోడలో ఏముంది, కప్పులో ఏముంది అని అడిగేవారు లేరు. జయతీర్థ గారు అడిగారు.

సిమెంటు రేకుల్లోను, మిల్లుల ఆవిరి గొట్టాలకు చుట్టిన తెల్లని పూతలోను ఆస్బెస్టాస్ అనే రాతినార ఉంటుందని, పాత బడుల తలుపుల రంగులో సీసం ఉండవచ్చునని వారు శిక్షణకు వెళ్లి నేర్చుకుని వచ్చారు. అప్పటినుంచి ఆదోని మొదలు ఎమ్మిగనూరు వరకు కూల్చబోయే ప్రతి కట్టడాన్నీ స్వయంగా ఎక్కి దిగి, నీళ్లతో తడిపి తునక తీసి, పరీక్షకు పంపే పద్ధతిని నెలకొల్పారు. సహాయక ఇంజనీరుగా పదోన్నతి వచ్చినా నిచ్చెన ఎక్కడం మానలేదు.

ఒకమారు ఆదోనిలో పాత జిన్నింగు మిల్లును పడగొడుతున్నారు. ఆవిరి గొట్టాల పూతను ముట్టరాదని జయతీర్థ గారు గుత్తేదారుకు రాసి ఇచ్చి, చెప్పవలసిన చోట చెప్పామని నిశ్చింతగా ఉన్నారు. కూలీలకు మాత్రం ఎవరూ చెప్పలేదు. ఉగాది నాడు తెల్లవారగానే మిల్లు కాపలాదారు వచ్చి, పెద్దకడుబూరు ఆడకూలీలు ఆ పూతను పండక్కి ముగ్గుపిండిగా కొంగున కట్టుకుపోయారని చెప్పాడు. జయతీర్థ గారు తలంటు కూడా పోసుకోకుండా బండి తీశారు. వారి శ్రీమతి పద్మాబాయి గారు బియ్యప్పిండి డబ్బా చేతికిచ్చి పంపారు.

పెద్దకడుబూరులో కూలీల ముఠా పెద్ద మల్లమ్మ వాకిట్లో ముగ్గు తెల్లగా మెరుస్తోంది. తుడిచేయమంటే ఆమె నడుముకు చేతులు పెట్టుకుంది.

"ఏంది సామీ, పండగపూట వాకిలి బోసి సేయమంటావా? నువ్వు మేలు కోరొచ్చినావా, కీడు కోరొచ్చినావా?"

"అది ముగ్గు కాదు మల్లమ్మా. ఆ దుమ్ము ఊపిరిలోకి పోతే మళ్లా బయటికి రాదు. ముప్పై ఏండ్లకైనా రొమ్ము పట్టుకుంటాది."

"ముప్పై ఏండ్లా? అంతదాంక నేనుంటే గదా, అది నన్ను పట్టుకొనేది."

చుట్టూ చేరినవారు నవ్వారు. జయతీర్థ గారు నవ్వలేదు. మల్లమ్మ మనుమరాలు ముగ్గు అంచున పాకుతోంది.

"నువ్వుండవు, సరే. ఆ పాప ఉంటాది గదా" అన్నారు.

మల్లమ్మ బిడ్డను చంకనేసుకుని పొరక అందుకుంది.

"పొరక వద్దు, దుమ్ము లేస్తాది" అని ఆమెను ఆపి, ముక్కుకు ముసుగు కట్టుకుని, నీళ్లు చిలకరించి, వారే గొంతుక్కూర్చుని తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డలను సంచిలో మూటగట్టారు. మల్లమ్మ ఊరుకోలేదు.

"తుడిసినోల్లే పెట్టిపోవల్ల, సామీ."

సహాయక ఇంజనీరు గారు బియ్యప్పిండితో ముగ్గు పెట్టారు. అది చూసి ఆమె, "మీ ఇంట్ల అమ్మగారే పెడతారేమో, తెలుస్తాంది" అంది. ఆ తర్వాత తానే ముందు నడిచి, దాచుకున్న పిండితో సహా మిగతా వాకిళ్లన్నీ చూపించింది.

ఆనాటినుంచి జయతీర్థ గారు ఏ కట్టడాన్ని పరిశీలించినా ముందు కూలీలను పిలిచి, ముట్టరానిదేదో వారికి చూపించి చెప్పిన తర్వాతే నివేదిక మీద సంతకం చేశారు. మొన్న ఎమ్మిగనూరులో పాత మగ్గాల షెడ్డు దగ్గర కూలీలు గడ్డపారలు కింద పెట్టి, "సారు సూసిపోయినాడా?" అని అడిగిన తర్వాతే పని మొదలుపెట్టారు.

రేపటినుంచి ఆ మాటకు బదులు చెప్పవలసినవాళ్లం మనం. ఆ భారాన్ని మనకు అప్పగించి నేడు పదవీ విరమణ చేస్తున్న జయతీర్థ గారు, ఇన్నేళ్లు పరుల ఊపిరికి కావలి కాసినవారు, ఇకమీదట పద్మాబాయి గారితో కలిసి చల్లగాలికి తీరిగ్గా నడుస్తూ, ఏ దగ్గూ ఆయాసమూ దరిచేరక, నిండు నూరేళ్లు చల్లగా ఉండాలని కార్యాలయ మిత్రులందరం మనసారా కోరుకుంటున్నాము.