బౌలర్ భుజం

ఐపీఎల్ వేలంలో పన్నెండు కోట్లు పలికిన ఫాస్ట్ బౌలర్, ఖిల్లా ఘణపూర్‌లోని అక్క ఇంటికి వచ్చాడు. మర్నాడే జట్టు శిబిరానికి వెళ్లాలి.

“అక్కా, కుడిచెయ్యి లేస్తలేదు. జర చొక్కా తొడుగు.”

“గింత నొప్పుంటే మీ టీం డాక్టర్‌కు చెప్పలేదా తమ్మీ?”

“చెప్తే కూసోబెడ్తరు. కోట్లు దండగైనయని లోకమంత తిడ్తది.”

“చెప్పకుంటే?”

“సూదులేసుకొని ఈ రెండు నెలలు ఆడుత. నొప్పి తెల్వదు.”

“భుజం మొత్తానికే పోతే?”

“గన్ని పైసలు పెట్టినోళ్లకు నేనేం జవాబు చెప్పాలె అక్కా?”

“చిన్నప్పుడు చీకటి పడ్డా బంతి ఇడువకపోదువు. అప్పుడు ఎవలకు జవాబు చెప్పినవ్?”

“అప్పుడు ఏస్తుంటే మస్తు సంబరముండె.”

“ఇప్పుడో?”

అతను ఎడమచేత్తో కుడిభుజం పట్టుకున్నాడు.

“ఇప్పుడు బంతి చేతిలకు తీస్కుంటేనే భయమైతుంది.”

“గా మాటే డాక్టర్‌కు చెప్పు. ఇగో ఫోన్.”

అతను ఫోన్ తీసుకుని పెరట్లోకి నడిచాడు. తిరిగి వచ్చేసరికి కళ్లు ఎర్రబడి ఉన్నాయి.

“ఏమన్నడు?”

“మొన్న చాటుగ తీపిచ్చిన స్కాన్ ఫోన్ల పంపిన. ఆపరేషన్ చెయ్యాల్నంట. ఈ ఏడు బంతి ముట్టొద్దన్నడు.”

“ఏడ్వకు తమ్మీ.”

“బాధతోని కాదక్కా. పానం తేలికైంది.”