లోయ మీది మంచు ఊడ్చిన రోజు

నాకు గొప్పలు చెప్పుకునే అలవాటు లేదు. ఆ మధ్యాహ్నం మా వరండాలో కూర్చుని మా మరిది "సైకిలు తొక్కడం రాదు గానీ, వదిన వ్యాన్ నడిపిందట!" అని నవ్వబట్టి నోరు విప్పాల్సి వచ్చింది. లేకపోతే నేనెంత, నా నోరెంత!

"సైకిలు రాకపోతేనేం? మంచం, పొయ్యి, నీళ్ల తొట్టి అన్నీ లోపలే ఉండే క్యాంపర్ వ్యాన్‌ని, నది లోయ అంచున, చాప పరవడానిక్కూడా చాలని రోడ్డు మీద వెనక్కి తిప్పింది ఎవరనుకున్నావు? మీ అన్నయ్యా? ఆయన కిందికి దిగి ‘రానీ, రానీ’ అని చేతులూపారు, అంతే."

మరిది బస్సు నడిపి రిటైరైన మనిషి. ఊరుకుంటాడా? "చాపంత రోడ్డు మీద వ్యాన్ ఎలా తిరుగుతుంది వదినా?"

"అందుకే వెనక చక్రాల మీద నిలబెట్టి తిప్పాను."

కింది వాటాలో అద్దెకుండే దర్జీ అమ్మాయి కాజాలు కుడుతున్నదల్లా సూది ఆపి పకపకా నవ్వింది. నేను మాత్రం పడక్కుర్చీలో ఉన్న మా ఆయన వంక చూశాను. ఆయన చూపు గేటు మీదుంది.

మా ఆయనది తూనికలు కొలతల ఇన్‌స్పెక్టరు ఉద్యోగం. కొట్టు కొట్టుకీ తిరిగి తూకపురాళ్లు సరిచూసి ముద్ర వేసేవారు. ఇంటికొస్తే ఆయనకి దొరికే దొంగ తూకం నేనే. నేను ఏనుగంటే ఆయన వేలెత్తి "దూడ" అనేవారు. పెళ్లికి ఊరంతా వచ్చిందంటే "రెండు వీధులు" అనేవారు. ఆయన తగ్గిస్తారని తెలిసి నేను ముందే పెంచి పెట్టేదాన్ని, నేను పెంచానని తెలిసి ఆయన కాస్త ఎక్కువే కోసేవారు. ఇద్దరి మాటా విన్నవాళ్లకి మధ్యలో ఎక్కడో నిజం తగిలేది. మా కాపురం అలా నడిచింది.

కిందటేడు నుంచి ఆయన మనసులోంచి మనుషులు జారిపోవడం మొదలైంది. ముందు ఇరుగుపొరుగు, తర్వాత తోడబుట్టిన తమ్ముడు, ఆఖరికి నేను. నన్నిప్పుడు మందులిచ్చే ఆవిడ అనుకుంటున్నారు. అన్నం పెడితే "థాంక్సండీ" అంటారు. పాత సంగతులు మాట్లాడుతూ ఉండండి, ఏదో ఒకటి అందుకుంటారు అన్నాడు డాక్టరు. అందుకని రోజూ మధ్యాహ్నం ఈ ఇద్దరినీ కూర్చోబెట్టి ఆయన ముందు కోతలు కోస్తున్నాను. మా పెళ్లికి గుర్రాల దండు తెప్పించాను. ఆయన ప్రమోషన్‌కి ఊళ్లో కొట్లన్నీ మూయించాను. దేనికీ వేలు లేవలేదు. ఒక్కసారి "అబద్ధం" అంటే చాలు, ఆయన నాకు దొరికినట్టే. ఆ రోజు ఇక నా దగ్గరున్న కోతల్లోకెల్లా పెద్దది బయటికి తీశాను. మేమిద్దరం వ్యాన్ అద్దెకు తీసుకుని లోయకి వెళ్లొచ్చిన సంగతి.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? వ్యాన్ కిటికీలో కూర్చుని బంగాళాదుంపలు తరుగుతున్నానా, ఒకటి చేజారి లోయలో పడింది. అది అడుక్కి చేరేసరికి మొలకెత్తి, ఆకేసి, దుంపలు కూడా వేసింది. ఒకటి పోతే బుట్టెడు వచ్చాయి."

"బుట్టెడు దుంపలు పైకెలా వచ్చాయి పిన్నిగారూ?" అంది దర్జీ అమ్మాయి.

"నది తెచ్చిచ్చింది తల్లీ. ఆ నదికి ఎన్ని మెలికలనుకున్నావు! మెలిక తిరిగీ తిరిగీ తన తోక మీద తానే ఎక్కి ప్రవహిస్తుంది. పొద్దున ఈయన చొక్కా జాడిస్తే కొట్టుకుపోయిందా, సాయంత్రానికి అదే మెలిక దగ్గరికి తిరిగొచ్చింది, ఆరిపోయి, మడత పెట్టుకుని."

"ఇస్త్రీ చెయ్యలేదా?" అన్నాడు మరిది.

"చేసింది గానీ, కాలరు దగ్గర సరిగ్గా రాలేదు."

ఓరకంట చూశాను. ఆయన చేయి కుర్చీ చేతి మీద అలాగే ఉంది, వేలు లేవలేదు. దర్జీ అమ్మాయి కూడా అటు చూసి, నవ్వడం మానేసి "తర్వాతేమైంది పిన్నిగారూ?" అంది, చంటిపిల్లని బుజ్జగించినట్టు. వాళ్లిద్దరూ నవ్వడానికి కూర్చున్నవాళ్లు కారు. నేను ఎందుకు చెబుతున్నానో వాళ్లకి తెలుసు.

"తర్వాతా? ఈయన లోపల మంచం మీద నిద్రపోతున్నారు. హ్యాండ్‌బ్రేక్ వెయ్యడం మర్చిపోయారు, అంత లెక్కల మనిషీ! వ్యాన్ మెల్లగా జారి ముందు చక్రాలు రెండూ లోయ మీదికి వెళ్లిపోయాయి. నేనేం చేశాను? బట్టలారేసే తాడు బంపరుకి కట్టి, ఆ కొస నా నడుముకి చుట్టుకుని, ఒక చేత్తో వ్యాన్ లాగుతూ, రెండో చేత్తో టీ కలుపుతూ, ‘ఏమండీ’ అని కేకేశాను. ఈయన లేవలేదు. అవతలి కొండ మాత్రం ‘ఆఁ, వస్తున్నానే’ అంది. ఇన్నేళ్ల కాపురంలో పిలవగానే పలికింది ఆ కొండొక్కటే."

మరిది కళ్లు తుడుచుకున్నాడు. నవ్వొచ్చి తుడుచుకున్నట్టే కనబడ్డాడు. నాకిక కోసేందుకు ఏం మిగల్లేదు. ఉన్నదంతా పోసేశాను.

"అసలు సంగతి వినండి. మేం వెళ్లేసరికి లోయ నిండా పొగమంచు. పాలకుండ లాగా ఉంది. ఇంత దూరం వచ్చి తెల్లగోడ చూసి పోతామా? వ్యాన్‌లో ఉన్న చీపురు తీసుకుని, చెంగు బిగించి, ఈ కొస నుంచి ఆ కొస దాకా లోయంతా ఊడ్చిపారేశాను. మంచంతా ఒక మూలకి పోగేశాను. అప్పుడు చూడాలి నదిని! కిందంతా ఆకుపచ్చగా, తోమిన ఇత్తడి బిందెలాగా..."

"మంచు పోలేదండీ."

ఆయనే. గేటు వైపే చూస్తూ అన్నారు. మరిది కుర్చీలోంచి సగం లేచి అలాగే ఉండిపోయాడు.

"రెండు రోజులూ పోలేదు. నది కనబడనేలేదు. చప్పుడు వినబడింది, అంతే. మా ఆవిడ కిటికీ దగ్గర కూర్చుని అద్దం తుడుస్తూనే ఉంది. మంచు బయటుందే, అన్నాను. అయినా తుడిచింది."

"అయితే వదినా," అన్నాడు మరిది మెల్లగా, "నువ్వా నదిని చూడనే లేదా? ఇన్నేళ్లూ మాకు..."

కుర్చీ ఆయన దగ్గరికి జరుపుకున్నాను. ఎన్ని నెలల తర్వాతో అన్ని మాటలు వరసగా వచ్చాయి, ఎక్కడ తెగిపోతాయోనని వెంటనే అందుకున్నాను.

"మరి మీ ఆవిడ చూసొచ్చానని అందరికీ చెప్పుకుంది కదండీ? మీరు దిద్దలేదేం?"

నిజమే, ఆ కథ నేను మొదలెట్టినప్పుడల్లా ఆయన లేచి చెప్పులు వెతుక్కునేవారు. విసుగనుకున్నాను.

"అన్నీ దిద్దేవాణ్ణి," అన్నారు. "అదొక్కటీ దిద్దలేదు. ఏళ్ల తరబడి లోయకి తీసుకెళ్లమని అడిగింది. సెలవు దొరక్క దొరక్క దొరికితే, తీసుకెళ్లి మంచు చూపించాను. ఎంత పెంచి చెప్పుకున్నా నాకు తక్కువే అనిపించేది."

దర్జీ అమ్మాయి బట్ట మొహానికి అడ్డం పెట్టుకుంది.

ఆయన నా వైపు తిరిగారు. పరాయి ఇంటి ఆడవాళ్లతో మాట్లాడేటప్పటి మర్యాద ఆ మొహంలో.

"మీకు ఆవిడ తెలుసా అండీ?"

"తెలుసండీ."

"చాలాసేపయింది వెళ్లి. కనబడితే పొద్దు పోకముందే ఇంటికి రమ్మనండి. నేనేమీ అననని చెప్పండి."

"చెబుతానండీ," అన్నాను.