బిళ్ళగన్నేరు కుండీలకు నీళ్ళు

నా పేరు వెంకటకృష్ణ. తండ్రి పేరు బుచ్చిబాబు. వయసు అరవై ఏడు. రైల్వేలో బుకింగ్ క్లర్కుగా చేసి రిటైరయ్యాను. తార్నాకలో అద్దె పోర్షన్‌లో ఒక్కణ్ణే ఉంటున్నాను. ఎస్సై గారు అడిగిన మీదట చెబుతున్నాను.

యూనివర్సిటీలో వృక్షశాస్త్ర విభాగం వెనక ఉన్న బిళ్ళగన్నేరు కుండీలకు నీళ్ళు పోసింది నేనే. ఎవరూ పురమాయించలేదు. నాకు ఎవరి మీదా పగ లేదు. పగ పెట్టుకోవడానికైనా మనుషులుండాలి కదా.

నా భార్య వేదవతికి రక్త క్యాన్సర్ వచ్చింది. మిగతా మందులతో పాటు విన్‌క్రిస్టిన్ అనే ఇంజెక్షన్ ఇచ్చారు. అది బిళ్ళగన్నేరు ఆకుల్లోంచి తీస్తారని డాక్టరు చెబితే మా ఆవిడ నవ్వింది. "కలుపని పీకి పారేసేదాన్నండీ" అంది. ఆ మందుల మీద రెండేళ్ళు బతికి, నిరుడు పోయింది.

అప్పటినుంచి రోజూ పొద్దున్నే క్యాంపస్‌లో నడుస్తున్నాను. మార్చిలో ఈ కుండీలు కంటపడ్డాయి. ఆగి పలకరించేవాణ్ణి. రోజు మొత్తంలో నేను మాట్లాడేది అక్కడే. మే నెలలో చూస్తే ఆకులు వడలి వేలాడుతున్నాయి. సెలవులు కదా, ఎవరూ పట్టించుకోవడం లేదనుకున్నాను. బోర్డేమీ లేదు. వారం రోజులు సీసాలతో తెచ్చి పోశాను. తేరుకున్నాయి. చాలా సంతోషం వేసింది.

సోమవారం ఉదయం ఆరున్నరకు వాచ్‌మన్ బాలరాజు నన్ను పట్టుకున్నాడు. "ఏంది సార్, గీ మొక్కలకు నీళ్ళు పోసేది నువ్వేనా?" అన్నాడు. అక్కడ రీసెర్చ్ చేస్తున్న వాసంతి అనే అమ్మాయి పరుగున వచ్చింది. "కావాలనే ఎండబెడుతున్న అంకుల్. నీళ్ళు తక్కువైతే ఆకుల మందు ఎక్కువైతదా అని చూస్తున్న. రెండేండ్ల పని మొత్తం ఖరాబయింది" అని కుండీల పక్కన కూలబడి ఏడ్చింది.

ఆ సంగతి నాకు తెలియదు. తెలిసినా పోసేవాణ్ణేమో. ఆ ఇంజెక్షన్ వల్ల చివర్లో వేదవతికి పేగులు కదలడం ఆగిపోయింది. నోటికి ఏమీ ఇవ్వొద్దన్నారు. "ఒక్క గుక్క నీళ్ళు పొయ్యండీ" అని రాత్రంతా అడిగింది. డాక్టర్ల మాట విని నేను పోయలేదు. తెల్లారేసరికి పోయింది.

ఆ అమ్మాయికి నష్టం చేశాను. క్షమించమని అడిగాను. ఇకపై క్యాంపస్‌లోకి రానని రాసివ్వమంటున్నారు. రాసిస్తాను. రేపు పొద్దున్న ఎక్కడికి వెళ్ళాలో మాత్రం నాకు తెలియదు.

పోలిక కోసం రోజూ నీళ్ళు పోసే కుండీలు కూడా కొన్ని ఉంటాయని ఆ అమ్మాయే చెప్పింది. మళ్ళీ మొదలుపెట్టినప్పుడు, వాటికి పోయడానికి నన్ను రానిస్తుందేమో అడగండి. ఇది రాయనక్కర్లేదన్నారు ఎస్సై గారు. రాయమన్నాను.

రాసిందంతా చదివి వినిపించారు. నేను చెప్పినట్టే ఉంది, చెప్పిందంతా నిజం.

(సంతకం) వెంకటకృష్ణ